ఇంటర్వ్యూ ఇంట్లోనే.. ఖర్చు డాలర్లలోనే!

* విమాన ప్రయాణం తప్పినా తప్పని లక్షల భారం
* అమెరికా వైద్య రెసిడెన్సీకి దరఖాస్తు చేసేముందు తెలుసుకోవాల్సిన లెక్కలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: ఎంబీబీఎస్ పూర్తిచేసి అమెరికాలో స్పెషాలిటీ శిక్షణ పొందాలనుకునే వైద్య పట్టభద్రులకు 2020 వరకు ఇంటర్వ్యూ అంటే విమాన ప్రయాణమే. వీసా సంపాదించుకుని, నెలల తరబడి అక్కడే మకాం వేసి, ఒక నగరం నుంచి మరో నగరానికి తిరుగుతూ ఆసుపత్రుల తలుపు తట్టాల్సి వచ్చేది. కొవిడ్ మహమ్మారితో ఆ తతంగం కంప్యూటర్ తెరపైకి మారింది. కుప్పంలోని వసతిగృహం గదిలోనో, మదనపల్లెలోని సొంత ఇంట్లోనో కూర్చుని న్యూయార్క్ ఆసుపత్రి వైద్యులతో ముఖాముఖి మాట్లాడే వెసులుబాటు కలిగింది. ప్రయాణ ఖర్చు తప్పిందని కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే అలా మిగిలిన సొమ్ము చేతిలో నిలవడం లేదు. పరీక్షల రుసుములు, వందకు పైబడిన దరఖాస్తులు, వీసా మెలికలు కలిసి దానిని మింగేస్తున్నాయి. పిల్లలను వైద్యులుగా చదివించేందుకు ఇప్పటికే అప్పులు చేసిన తల్లిదండ్రులు ఈ లెక్కను ముందుగా తెలుసుకోకుంటే మధ్యలో చిక్కుకునే ప్రమాదం ఉంది.

ఎందుకీ దారి?

1915లో ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం ప్రారంభమైన నాటి నుంచి మదనపల్లెకు వైద్యసేవల్లో పేరుంది. 2000 దశకం ఆరంభంలో పీఈఎస్ వైద్య కళాశాల రావడంతో కుప్పం కూడా వైద్యవిద్యా కేంద్రంగా మారింది. ఈ ప్రాంత విద్యార్థులు కుప్పంతో పాటు తిరుపతి, కోలారు, బెంగళూరు కళాశాలల్లో చదువుతున్నారు. రష్యా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్థాన్ వంటి దేశాలకు వెళ్లి వైద్యవిద్య పూర్తిచేసి వస్తున్నవారూ ఉన్నారు.

ఎంబీబీఎస్ తర్వాత స్వదేశంలో పీజీ సీటుకు నీట్ పీజీ ర్యాంకే ప్రామాణికం. ఇక్కడ ఇంటర్వ్యూ అన్న మాటే లేదు. 2024లో తగ్గించిన తర్వాత జనరల్, ఓబీసీ అభ్యర్థులకు పరీక్ష రుసుము రూ.3,500, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రూ.2,500గా ఉంది. కౌన్సెలింగ్ సమయంలో చెల్లించే ధరావతులో అధిక భాగం నిబంధనల మేరకు తిరిగి వస్తుంది. అంటే పోటీ తీవ్రంగా ఉన్నా పోటీలో నిలవడానికయ్యే ఖర్చు స్వల్పం. అమెరికా పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ ప్రతి ఆసుపత్రికి వేర్వేరుగా దరఖాస్తు చేయాలి. ప్రతి దరఖాస్తుకూ రుసుము ఉంటుంది. దరఖాస్తు నచ్చితే ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఆ తర్వాత అభ్యర్థులు తమకు నచ్చిన ఆసుపత్రులను, ఆసుపత్రులు తమకు నచ్చిన అభ్యర్థులను వరుసక్రమంలో రాసి ఇస్తాయి. ఆ రెండు జాబితాలను కంప్యూటర్ సరిపోల్చి ఎవరికి ఎక్కడ సీటో నిర్ణయిస్తుంది. 'మ్యాచ్'గా పేరుపడిన ఈ విధానాన్ని ఎన్‌ఆర్‌ఎంపీ అనే సంస్థ 1952 నుంచి నిర్వహిస్తోంది.

అప్పుడు అలా..

2020కి ముందు ఈ ప్రాంత పట్టభద్రుడు అమెరికా రెసిడెన్సీకి ప్రయత్నించాలంటే కనీసం రెండు పనులకు అక్కడికి వెళ్లక తప్పేది కాదు. ఒకటి స్టెప్-2 సీఎస్ అనే ప్రయోగ పరీక్ష. రోగులుగా నటించేవారిని పరీక్షించి వ్యాధిని నిర్ధారించే ఈ పరీక్షను ఫిలడెల్ఫియా, షికాగో, అట్లాంటా, హ్యూస్టన్, లాస్‌ఏంజెలిస్ నగరాల్లో మాత్రమే నిర్వహించేవారు. చివరి రోజుల్లో దాని రుసుమే సుమారు 1,600 డాలర్లు. రెండోది ఇంటర్వ్యూలు. అక్టోబరు నుంచి జనవరి దాకా సాగే ఈ ఇంటర్వ్యూల కోసం అభ్యర్థులు బంధువుల ఇళ్లలోనో, అద్దె గదుల్లోనో ఉంటూ దేశమంతా తిరిగేవారు. పది పిలుపులు వస్తే పది ప్రయాణాలు. ప్రతిచోటా విమానం టికెట్టు, బస, టాక్సీ ఖర్చులు సొంతంగా భరించాల్సిందే. దీనికి బెంగళూరు నుంచి రాకపోకల విమాన ఛార్జీ, సందర్శక వీసా రుసుము అదనం. అసలు వీసా వస్తుందో రాదో తెలియని ఆందోళన అన్నింటికంటే ముందుండేది. వీసా నిరాకరిస్తే ఇంటర్వ్యూ పిలుపు చేతిలో ఉన్నా ఫలితం దక్కేది కాదు.

2020 మార్చిలో స్టెప్-2 సీఎస్ పరీక్ష నిలిచిపోయింది. 2021 జనవరిలో దానిని శాశ్వతంగా రద్దుచేశారు. 2020 మే నెలలో అక్కడి వైద్యవిద్యా సంస్థల సమాఖ్య ఆ ఏడాది ఇంటర్వ్యూలన్నింటినీ వర్చువల్ పద్ధతిలోనే జరపాలని సిఫార్సు చేసింది. మహమ్మారి తగ్గిన తర్వాతి సంవత్సరాల్లోనూ అమెరికా వైద్య కళాశాలల సంఘం (ఏఏఎంసీ) వర్చువల్ విధానాన్నే ప్రోత్సహిస్తూ వచ్చింది. అయితే ఇది సలహా మాత్రమే. కొన్ని ఆసుపత్రులు మళ్లీ నేరుగా పిలిచే పద్ధతికి మారాయి. దరఖాస్తు చేసేముందే ఆయా ఆసుపత్రుల ప్రకటనల్లో ఈ విషయాన్ని సరిచూసుకోవడం అవసరం.

ఇప్పుడు ఇలా..

వర్చువల్ ఇంటర్వ్యూ అంటే పది నిమిషాల ఫోను సంభాషణ కాదు. సాధారణంగా మూడు నుంచి ఆరు గంటల పాటు సాగే కార్యక్రమమిది. మొదట ఆసుపత్రి గురించి పరిచయ ప్రసంగం ఉంటుంది. తర్వాత ఇద్దరు నుంచి అయిదుగురు వైద్యులు విడివిడిగా పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున మాట్లాడతారు. అక్కడ ఇప్పటికే శిక్షణ పొందుతున్న జూనియర్ వైద్యులతో మాటామంతీ ఉంటుంది. చాలాచోట్ల ముందురోజు సాయంత్రం పరిచయ సమావేశం కూడా ఏర్పాటు చేస్తారు. ఆ సమావేశానికి మార్కులు లేవని చెబుతున్నా హాజరు కావడమే మేలు.

అడిగే ప్రశ్నలు పాఠ్యపుస్తకాలకు సంబంధించినవి తక్కువ. ఈ స్పెషాలిటీనే ఎందుకు ఎంచుకున్నారు? మీరు చూసిన క్లిష్టమైన రోగి ఎవరు? తోటివారితో విభేదం వస్తే ఎలా పరిష్కరించుకున్నారు? చదువులో విరామం ఎందుకు వచ్చింది? ఇలాంటివే ఎక్కువ. గ్రామీణ ప్రాంత ఆసుపత్రిలో హౌస్‌సర్జన్సీ చేసినవారికి ఇక్కడ చెప్పుకోదగ్గ అనుభవం ఉంటుంది. మూడు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పానికి తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే రోగులు వస్తారు. పాముకాటు, పురుగుమందు సేవించిన కేసులు, ముదిరిన మధుమేహం వంటివి అమెరికా విద్యార్థి చూడనంతగా ఇక్కడివారు చూసి ఉంటారు. వాటిని క్లుప్తంగా, స్పష్టంగా ఆంగ్లంలో వివరించగలగడమే సాధన చేయాల్సిన విద్య.

ఇతర ఏ ఆసుపత్రులకు దరఖాస్తు చేశారు, ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలకు హాజరయ్యారు, తమను జాబితాలో ఎన్నో స్థానంలో రాస్తారు అని అడిగే అధికారం ఆసుపత్రులకు లేదు. మ్యాచ్ నిబంధనలు దీనిని నిషేధిస్తున్నాయి. ఈ సంగతి తెలియక అభ్యర్థులు అనవసర వాగ్దానాలు చేయకూడదు.

అసలు భారం ఇక్కడే..

ఇంటర్వ్యూకు పిలుపు రావాలంటే ముందుగా రెండు స్టెప్ పరీక్షలు ఉత్తీర్ణులు కావాలి. స్టెప్-1లో 2022 జనవరి నుంచి మార్కులు ప్రకటించకుండా ఉత్తీర్ణత మాత్రమే తెలుపుతున్నారు. దీంతో స్టెప్-2 సీకే మార్కులకు ప్రాధాన్యం పెరిగింది. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై వంటి నగరాల్లోని ప్రోమెట్రిక్ కేంద్రాల్లో ఈ పరీక్షలు రాయవచ్చు. ఒక్కో పరీక్షకు దాదాపు వెయ్యి డాలర్లు, అమెరికా వెలుపల రాస్తున్నందుకు అదనపు రుసుము చెల్లించాలి. ఆ తర్వాత విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతలను ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థకు 'పాత్‌వే' దరఖాస్తు, ఆంగ్ల భాషా నైపుణ్యానికి ఓఈటీ పరీక్ష. రద్దయిన ప్రయోగ పరీక్ష స్థానంలో వచ్చినవే ఈ రెండూ.

ఆపైన ఎరాస్ అనే ఉమ్మడి దరఖాస్తు విధానం. 2024-25 సంవత్సరపు రుసుముల ప్రకారం ఒక స్పెషాలిటీలో మొదటి 30 ఆసుపత్రుల వరకు ఒక్కోదానికి 11 డాలర్లు. 31వ దరఖాస్తు నుంచి ఒక్కోదానికి 30 డాలర్లు. డాలరును 90 రూపాయలుగా తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

* 30 దరఖాస్తులకు 330 డాలర్లు, అంటే రూ.29,700
* 60 దరఖాస్తులకు 1,230 డాలర్లు, అంటే రూ.1,10,700
* 100 దరఖాస్తులకు 2,430 డాలర్లు, అంటే రూ.2,18,700
* 150 దరఖాస్తులకు 3,930 డాలర్లు, అంటే రూ.3,53,700

దరఖాస్తులు 30 నుంచి 60కి రెట్టింపైతే ఖర్చు దాదాపు నాలుగు రెట్లవుతోంది. రెండు స్పెషాలిటీలకు 30 చొప్పున దరఖాస్తు చేస్తే మాత్రం 660 డాలర్లతో సరిపోతుంది. ఒక్కో స్పెషాలిటీకి లెక్క విడిగా మొదలవడమే ఇందుకు కారణం.

ఇక మొత్తం ఖర్చును ఓ ఉదాహరణతో చూద్దాం. పుంగనూరు ప్రాంతానికి చెందిన ఓ యువ వైద్యురాలు ఇంటర్నల్ మెడిసిన్‌లో వంద ఆసుపత్రులకు దరఖాస్తు చేశారనుకుందాం. రెండు స్టెప్ పరీక్షలకు కనీసం రూ.1.80 లక్షలు, పాత్‌వేకు 900 డాలర్ల పైచిలుకు చొప్పున రూ.81 వేలకు పైగా, ఓఈటీకి రూ.30 వేలకు పైగా, దరఖాస్తులకు రూ.2.18 లక్షలు, మ్యాచ్ నమోదుకు 2025 నాటి లెక్కన 70 డాలర్లు, అంటే రూ.6,300. అన్నీ కలిపితే రూ.5 లక్షల పైమాటే. ప్రశ్నల నిధి చందాలు, నమూనా పరీక్షలు, ధ్రువపత్రాల పంపిణీ ఖర్చులు ఇందులో లేవు. అమెరికా ఆసుపత్రిలో పరిశీలకురాలిగా ఒకటి రెండు నెలలు గడపాలంటే వీసా, విమానం, బస ఖర్చులు మళ్లీ మొదటికే వస్తాయి. వర్చువల్ విధానం ఇంటర్వ్యూ ప్రయాణాన్ని తప్పించింది గానీ ఈ ప్రయాణాన్ని తప్పించలేదు. అక్కడి వైద్యులు ఇచ్చే సిఫార్సు లేఖలకు ఆసుపత్రులు విలువ ఇస్తుండడమే ఇందుకు కారణం.

ఈ రుసుములకు వడ్డీ భారం తోడవుతుంది. బ్యాంకుల విద్యారుణం సాధారణంగా ప్రవేశం ఖాయమైన కోర్సుకే లభిస్తుంది. దరఖాస్తు చేసుకోవడానికి రుణం దొరకదు. దీంతో నగలు తాకట్టు పెట్టడం, చీటీ పాడడం, నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవడం వంటి మార్గాలే మిగులుతాయి. టమాటా ధరపైనో, పట్టుగూళ్ల ధరపైనో, పాల బిల్లుపైనో ఆధారపడిన కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. రుసుములు అంతర్జాతీయ కార్డు ద్వారా చెల్లించాలి కాబట్టి బ్యాంకును బట్టి రెండు నుంచి మూడున్నర శాతం వరకు విదేశీ మారకపు రుసుము కూడా పడుతుంది. రూ.2.18 లక్షల దరఖాస్తులపై మూడు శాతమంటే మరో రూ.6,500. ఒకసారి చెల్లించిన దరఖాస్తు రుసుము తిరిగి రాదు.

ఎందుకిన్ని దరఖాస్తులు?

ప్రయాణ ఖర్చు ఉన్న రోజుల్లో మంచి మార్కులున్న అభ్యర్థులు సైతం తమకు అవసరమైనన్ని ఇంటర్వ్యూలకే వెళ్లి మిగతావి వదులుకునేవారు. ఆ ఖాళీలు తర్వాతి వరుసలో ఉన్నవారికి దక్కేవి. ఇంట్లో కూర్చుని హాజరయ్యే అవకాశం రావడంతో వచ్చిన ప్రతి పిలుపునూ అందుకునే ధోరణి పెరిగింది. ఇంటర్వ్యూలు కొద్దిమంది వద్దే పోగుపడుతున్నాయని 2020 డిసెంబరులోనే ఏఏఎంసీ బహిరంగ లేఖలో ఆందోళన వ్యక్తం చేసింది. పిలుపు రాదేమోనన్న భయంతో మిగిలినవారు దరఖాస్తుల సంఖ్య పెంచుతారు. దరఖాస్తులు వెల్లువెత్తేకొద్దీ ఆసుపత్రులు మార్కులు, ఉత్తీర్ణత సంవత్సరం, వీసా అవసరం వంటి జల్లెడలు పెట్టి వడపోస్తాయి. ఆ జల్లెడలో మొదట రాలిపోయేది విదేశీ పట్టభద్రులే.

ఈ రద్దీని తగ్గించేందుకు 'సిగ్నల్' విధానం తెచ్చారు. తమకు నిజంగా ఆసక్తి ఉన్న కొద్దిపాటి ఆసుపత్రులకు అభ్యర్థి ప్రత్యేక సంకేతం పంపవచ్చు. 2024-25లో ఇంటర్నల్ మెడిసిన్‌లో ఒక్కో అభ్యర్థికి 15 సంకేతాలు ఇచ్చారు. వాటిలో మూడు బంగారు, 12 వెండి సంకేతాలు. దీనికి అదనపు రుసుము లేదు. సంకేతం అందుకున్న ఆసుపత్రి ఆ దరఖాస్తును శ్రద్ధగా చూసే అవకాశం ఎక్కువ. అందువల్ల వీసా ఇవ్వని ఆసుపత్రికో, విదేశీ పట్టభద్రులను ఏనాడూ తీసుకోని ఆసుపత్రికో సంకేతం వృథా చేసుకుంటే వంద దరఖాస్తులు చేసినా ప్రయోజనం అంతంతమాత్రమే.

పగలు అక్కడ.. రాత్రి ఇక్కడ

న్యూయార్క్‌లో ఉదయం 8 గంటలకు ఇంటర్వ్యూ అంటే అక్టోబరులో మనకు సాయంత్రం 5.30 గంటలు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి అదే ఇంటర్వ్యూ మనకు సాయంత్రం 6.30 గంటలకు మొదలవుతుంది. షికాగో ప్రాంతమైతే రాత్రి 7.30 గంటలు, కాలిఫోర్నియా అయితే రాత్రి 9.30 గంటలు. కాలిఫోర్నియా ఇంటర్వ్యూ నాలుగు గంటలు సాగితే అర్ధరాత్రి దాటి 1.30 గంటలవుతుంది. పగలంతా ఆసుపత్రి విధుల్లో ఉన్న జూనియర్ వైద్యుడు ఆ వేళలో నిద్రమత్తు లేకుండా నవ్వుతూ మాట్లాడాలి. ఇంటర్వ్యూకు పిలుస్తూ వచ్చే ఈమెయిళ్లు కూడా మన రాత్రివేళే వస్తాయి. ఆలస్యంగా స్పందిస్తే అనుకూలమైన తేదీలు ఇతరులకు వెళ్లిపోతాయి. అందుకే ఆ నెలల్లో చాలామంది ఫోను తలగడ పక్కనే పెట్టుకుని నిద్రిస్తారు.

ఇంటర్వ్యూల కాలం ఈశాన్య రుతుపవనాల కాలంతో కలిసి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వానలు కురుస్తాయి. గాలివానకు చెట్టుకొమ్మ తీగలపై పడితే గ్రామాల్లో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేరు. చౌడేపల్లె, రామసముద్రం, గుడుపల్లె, రామకుప్పం వంటి మండలాల్లోని పల్లెల నుంచి ఇంటర్వ్యూకు హాజరయ్యేవారు దీనిని దృష్టిలో ఉంచుకోవాలి. కార్తీక మాసపు పూజలు, అయ్యప్ప భజనల మైకులు కూడా ఇదే కాలంలో సాయంత్రం వేళ మోగుతుంటాయి. పట్టణంలోని బంధువుల ఇంట్లోనో, కళాశాలలోని నిశ్శబ్దమైన గదిలోనో ముందుగా ఏర్పాటు చేసుకోవడం ఉత్తమం.

ఇన్వర్టర్, ఫైబర్ కనెక్షన్, అది ఆగితే వెంటనే మార్చుకునేందుకు వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను, మంచి ఇయర్‌ఫోన్, ముఖంపై వెలుతురు పడేలా ఓ దీపం, వెనుక ఖాళీ గోడ ఉంటే చాలు. కోటు, టై సహా ఇవన్నీ కొన్ని వేల రూపాయల్లో పూర్తవుతాయి. నమూనా ఇంటర్వ్యూల పేరిట డాలర్లు వసూలుచేసే శిక్షణ సంస్థలకు వెళ్లే బదులు ఇప్పటికే అక్కడ రెసిడెన్సీ చేస్తున్న సీనియర్లతో నాలుగైదుసార్లు సాధన చేయడం మేలు.

వందకు 58 మందే..

ఇంత ఖర్చు చేశాక సీటు ఖాయమా అంటే అదీ లేదు. 2025 మ్యాచ్‌లో అమెరికా పౌరసత్వం లేని విదేశీ వైద్య పట్టభద్రుల్లో 58 శాతం మందికే మొదటి సంవత్సరపు సీటు దక్కింది. అమెరికా ఎండీ కళాశాలల్లో చివరి సంవత్సరం చదువుతున్నవారిలో ఇది 93.5 శాతం. ఆ ఏడాది మొత్తం 43,237 సీట్లు అందుబాటులో ఉన్నా విదేశీయుల్లో వందకు 42 మంది రిక్తహస్తాలతో మిగిలారు. దక్కనివారు మిగిలిన ఖాళీలకు అదే వారంలో సోప్ పేరిట జరిగే రెండో అవకాశంలో పోటీపడవచ్చు. అందులో విదేశీ పట్టభద్రులకు దొరికేవి తక్కువ.

సీటు దక్కితే పరిస్థితి మారుతుంది. రెసిడెన్సీలో చేరినవారికి ఏడాదికి 60 వేల డాలర్లకు పైగా వేతనం లభిస్తుంది. ట్యూషన్ ఫీజు ఉండదు. చేసిన అప్పు తీర్చడం కష్టం కాదు. దక్కకపోతే మాత్రం అప్పు మిగులుతుంది, మళ్లీ ప్రయత్నించాలంటే దరఖాస్తు రుసుములన్నీ మరోసారి చెల్లించాలి. పైగా ఉత్తీర్ణులై ఏళ్లు గడిచేకొద్దీ ఆసుపత్రుల ఆసక్తి తగ్గుతుంది. ఈసీఎఫ్‌ఎంజీ ధ్రువీకరణకు అవసరమైన పరీక్షలను ఏడేళ్లలోపు పూర్తిచేయాలన్న నిబంధన కూడా ఉంది.

వీసా మెలిక

ఇంటర్వ్యూకు వీసా అక్కర్లేకపోయినా ఉద్యోగంలో చేరడానికి తప్పనిసరి. ఎక్కువ మంది ఈసీఎఫ్‌ఎంజీ ప్రాయోజకత్వంలో జే-1 వీసాపై వెళ్తారు. ఇందుకు కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ నుంచి ప్రత్యేక ధ్రువపత్రం తీసుకోవాలి. శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది ఈ వీసా షరతు. వైద్యుల కొరత ఉన్న అమెరికా ప్రాంతాల్లో పనిచేసేందుకు ముందుకొచ్చే వారికి మినహాయింపు ఉంటుంది. ఇందుకు అక్కడి ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 చొప్పున అవకాశాలు కేటాయించారు. హెచ్-1బీ వీసాకు స్టెప్-3 పరీక్ష కూడా ముందే ఉత్తీర్ణులు కావాలి. 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు ఏడాది కాలానికి ప్రకటన జారీచేయడంతో ఆ దారి మరింత ఇరుకైంది.

2025 మే 27న జే-1 సహా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూల నమోదును అమెరికా నిలిపివేసింది. జూన్ మూడో వారంలో పునరుద్ధరించారు. రెసిడెన్సీ సాధారణంగా జులై 1న మొదలవుతుంది కాబట్టి సీటు దక్కినవారు సైతం ఆ మూడు వారాలు ఉత్కంఠతో గడిపారు. సీటు వచ్చిన వెంటనే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో వీసా తేదీ కోసం ప్రయత్నం మొదలుపెట్టాలని ఈ ఉదంతం చెబుతోంది.

బ్రిటన్‌లోనూ స్పెషాలిటీ శిక్షణకు ఇంటర్వ్యూలు 2020 నుంచి ఆన్‌లైన్‌లో సాగుతున్నాయి. అయితే అక్కడ ప్రాక్టీసుకు అవసరమైన ప్లాబ్ రెండో భాగం పరీక్షను మాంచెస్టర్ వెళ్లి రాయక తప్పదు.

మాయమాటలు నమ్మొద్దు

డబ్బు చెల్లిస్తే ఇంటర్వ్యూ పిలుపులు ఇప్పిస్తామని, సిఫార్సు లేఖలు సమకూరుస్తామని చెప్పేవారిని నమ్మరాదు. ఇంటర్వ్యూకు పిలిచే అధికారం ఆయా ఆసుపత్రులకే ఉంటుంది. లేని అనుభవాన్ని రాసినట్లు తేలితే ఆ ఏడాది అవకాశమే కాక భవిష్యత్తు కూడా దెబ్బతింటుంది. పరీక్షలో వచ్చే ప్రశ్నలే ఇస్తామనే ప్రకటనలు మరింత ప్రమాదకరం. నేపాల్‌తో సంబంధమున్న పలువురి స్టెప్ పరీక్ష ఫలితాలను 2024 జనవరిలో నిర్వాహకులు చెల్లవని ప్రకటించారు. ప్రశ్నలు ముందే పంచుకున్నారన్న అనుమానమే దీనికి కారణం.

విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవారు తమ కళాశాలకు ప్రపంచ వైద్యవిద్యా సమాఖ్య గుర్తింపు పొందిన సంస్థ నుంచి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. మన జాతీయ వైద్య కమిషన్‌కు 2023లో పదేళ్ల కాలానికి ఆ గుర్తింపు లభించింది. అందువల్ల కమిషన్ గుర్తించిన కళాశాలల్లో చదివినవారికి ఈ విషయంలో చిక్కు లేదు.

ఇవి పాటిస్తే మేలు..

* స్టెప్-2 సీకే ఫలితం చేతికొచ్చాకే దరఖాస్తుల సంఖ్య నిర్ణయించుకోవాలి. మార్కులు తక్కువగా ఉంటే ఏడాది ఆగడమా, స్పెషాలిటీ మార్చుకోవడమా అన్నది రుసుము చెల్లించక ముందే తేల్చుకోవాలి.
* ప్రతి ఆసుపత్రి విషయంలో మూడు అంశాలు చూడాలి. జే-1 వీసా ఇస్తుందా? ఉత్తీర్ణులై ఎన్నేళ్లలోపు వారిని తీసుకుంటుంది? ప్రస్తుతం శిక్షణలో విదేశీ పట్టభద్రులు ఉన్నారా? మూడింటికీ అనుకూల సమాధానం లేని ఆసుపత్రిని జాబితా నుంచి తీసివేస్తే వేల రూపాయలు మిగులుతాయి.
* 30 దాటిన ప్రతి దరఖాస్తు ఖరీదు రూ.2,700. చెల్లించేముందు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.
* మొత్తం ఎంత వరకు ఖర్చు చేయగలరో కుటుంబమంతా కూర్చుని ముందే నిర్ణయించుకోవాలి. రెండోసారి ప్రయత్నించాల్సి వస్తే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.
* అమెరికా ప్రయత్నం సాగుతున్నా నీట్ పీజీకి దరఖాస్తు మానకూడదు. రూ.3,500తో చేతిలో ఉండే అవకాశమది.
* ఇంటర్వ్యూ సమయాన్ని అమెరికాలో ఏ ప్రాంతపు గడియారం ప్రకారం ఇచ్చారో రాతపూర్వకంగా ధ్రువీకరించుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం తర్వాతి తేదీలను మరోసారి సరిచూసుకోవాలి.
* ఇంటర్వ్యూ మధ్యలో కరెంటు పోయినా, నెట్ ఆగినా వెంటనే సమాచారం ఇచ్చేందుకు ఆసుపత్రి సమన్వయకర్త ఫోను నంబరు, ఈమెయిలు చిరునామా కాగితంపై రాసి పెట్టుకోవాలి.
* కొన్ని ఆసుపత్రులు ఇంటర్వ్యూ తర్వాత నేరుగా వచ్చి చూసి వెళ్లమని ఆహ్వానిస్తాయి. ఇది ఐచ్ఛికం. దీనికోసం అప్పు చేయనవసరం లేదు.

ఏడాది పొడవునా ఇలా..

* సెప్టెంబరు: ఎరాస్‌లో దరఖాస్తుల సమర్పణ. నెలాఖరున ఆసుపత్రులు వాటిని పరిశీలించడం మొదలుపెడతాయి.
* అక్టోబరు నుంచి జనవరి: వర్చువల్ ఇంటర్వ్యూలు.
* జనవరి 31: అదనపు రుసుము లేకుండా మ్యాచ్‌లో నమోదుకు 2025లో ఇచ్చిన తుది గడువు. ఎరాస్‌లో దరఖాస్తు చేసినంత మాత్రాన ఈ నమోదు పూర్తయినట్లు కాదు. విడిగా చేసుకోవాలి.
* ఫిబ్రవరి చివర, మార్చి ఆరంభం: ప్రాధాన్య జాబితా సమర్పణ.
* మార్చి మూడో వారం: సోమవారం సీటు దక్కిందీ లేనిదీ తెలుస్తుంది. ఏ ఆసుపత్రిలోనన్నది శుక్రవారం ప్రకటిస్తారు.
* జులై 1: శిక్షణ ప్రారంభం.

రుసుములు, గడువులు ఏటా మారుతుంటాయి. ఆయా సంస్థల అధికారిక ప్రకటనలు చూసి నిర్ధారించుకున్న తర్వాతే డబ్బు చెల్లించాలి.